మూడేళ్ళ అనుభవం

పూజ ముగిశాక ఒక తల్లి గుడి గుమ్మం దగ్గర నిలబడి, "ఫాదర్, మా అబ్బాయికి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. కృతజ్ఞతా పూజ చెప్పించాలి" అన్నది. సంతోషించాను. కాని ఆమె చేతిలోని కవరు నాకు అందించలేదు. "మూడేళ్ళ అనుభవం ఉందని రాసి చేరాడండి. నిజానికి లేదు. పూజ చెప్పించవచ్చునా?" అని అడిగింది. ఆమె అనుమతితోనే, పేరు లేకుండా ఈ సంగతి రాస్తున్నాను.

ప్రియ పాఠకులారా, ఈ ప్రశ్న ఆ ఒక్క తల్లిది కాదు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల జావా, ఒరాకిల్, టెస్టింగ్ నేర్పే సంస్థలు మన జిల్లాల పిల్లలకు ఎంతో మేలు చేశాయి. ఆ నీడలోనే మరో వ్యాపారమూ పెరిగింది. డబ్బు కడితే, ఎన్నడూ పనిచేయని కంపెనీ పేరిట అనుభవ పత్రము, జీతపు చీటీలు తయారు చేసి ఇస్తారు. ఇంటర్వ్యూలో అభ్యర్థికి బదులు వేరొకరు మాట్లాడటం కూడా ఉన్నది.

ఆ అబ్బాయి వాదన కొట్టిపారేయదగినది కాదు. అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. చదువుకు చేసిన అప్పు మీద వడ్డీ పెరుగుతున్నది. "పని నాకు వచ్చు గదా, ఎవరికి నష్టం?" అంటాడట.

నిజం రాసినందుకు తొలి వడపోతలోనే పోయిన మరో ఇంటి బిడ్డకు నష్టం. ఆ ప్రోగ్రామును నమ్ముకున్న మనిషికీ నష్టం కావచ్చు. 1985 నుండి 1987 వరకు అమెరికా, కెనడాలలో థెరాక్-25 అనే క్యాన్సర్ చికిత్సా యంత్రం కనీసం ఆరుగురు రోగులకు మోతాదు మించిన రేడియేషన్ ఇచ్చింది. కొందరు మరణించారు. దాని సాఫ్ట్‌వేరులో తప్పులున్నాయి. పాత నమూనాలో ఉన్న యాంత్రిక రక్షణలను తీసివేసి, సాఫ్ట్‌వేరునే నమ్ముకున్నారు. దానిని రాసినవారు దొంగపత్రాలతో వచ్చారని నేననటం లేదు. అనుభవమంటే జీతం పెంచే అంకె మాత్రమే కాదని చెప్పటానికే ఈ మాట.

ఇక జీతం సంగతి. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినది ఇదే. కష్టపడి చేసిన పనికి పుచ్చుకున్న కూలి దొంగసొమ్ము కాదనే నా అభిప్రాయం. లేని మూడేళ్ళ పేరు చెప్పి అధికంగా పుచ్చుకున్నది మాత్రం వేరే లెక్క. జక్కయ్య తన లెక్క తానే వేసుకున్నాడు, ఎవరూ అడిగేదాకా ఆగలేదు. పైగా ఈ అబద్ధం నిన్నటితో ముగిసేది కాదు. మారిన ప్రతి ఉద్యోగంలోనూ ఆ మూడేళ్ళను మళ్ళీ చెప్పాలి. పట్టుబడి ఉద్యోగం పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఆ భయం పశ్చాత్తాపం కాదు గాని, అక్కడికి చేర్చే దారి కావచ్చు.

"ఆ పత్రానికి డబ్బు ఎవరిచ్చారమ్మా?" అని అడిగాను.

"నేనేనండి. గాజులు తాకట్టు పెట్టి."

ఇతరుల పాపానికి చేయూతనిస్తే అందులో మనకూ భాగముందని శ్రీసభ బోధ. అది ఆమెకు తెలియక కాదు. తెలిసే వచ్చింది.

క్రిస్మస్‌కు అబ్బాయి వస్తే నా దగ్గరకు పంపమన్నాను. పూజ అతని ఉద్దేశమై చెప్పాను. కృతజ్ఞతా పూజ అని నోటీసు బోర్డు మీద మాత్రం రాయించలేదు.