ఏమని పిలుస్తున్నాం?



హైదరాబాదు పాతబస్తీలో పెరిగిన వారికి ‘ఆప్’ అనే మాట కొత్త కాదు. ఉర్దూలో ‘తూ’, ‘తుమ్’, ‘ఆప్’ అని మూడు పిలుపులున్నాయి. అక్కడ పాతకాలపు మర్యాద తెలిసిన ఇళ్లలో పెద్దలు చిన్నపిల్లలను సైతం ‘ఆప్’ అనే పిలుస్తారు. మర్యాద పొందిన బిడ్డకే మర్యాద చేయడం అలవడుతుంది. చేయి నుదుటి దాకా ఎత్తి ‘ఆదాబ్’ అనడానికి ఆ వీధుల్లో మతభేదం అడ్డు రాలేదు. 1591లో కట్టిన చార్మినార్ లాగానే ఈ మాటతీరు కూడా మన నగరానికి పెద్దలిచ్చిన ఆస్తి.

మన తెలుగులోనూ ‘మీరు’ ఉంది, ‘నువ్వు’ ఉంది, ‘ఒరేయ్’ కూడా ఉంది. ఏది ఎవరికి వాడుతున్నాం? బ్యాంకు మేనేజరు కనబడితే ‘సార్, మీరు’ అంటాం. అదే నోటితో, తండ్రి వయసున్న ఆటో డ్రైవరును ‘ఏయ్, పోనియ్’ అంటాం. ఇంట్లో అంట్లు తోమే ఆమెకు పేరున్నా ‘ఏమే’ అని కేక వేస్తాం. మన మర్యాద పైకి ఎక్కుతోందే గాని కిందికి దిగడం లేదు. పైకి మాత్రమే ఎక్కేది మర్యాద కాదు. అది భయం, లేదా అవసరం.

‘చనువుగా నువ్వు అంటే తప్పా, ఫాదర్?’ అని మీరు అడగవచ్చు. తప్పు కాదు. అమ్మను ‘నువ్వు’ అనే పిలుస్తాం గదా! అయితే ఒక్క పరీక్ష పెట్టుకోండి. ఆ మనిషి తిరిగి మనల్ని అదే పిలుపుతో పిలిస్తే ఊరుకుంటామా? ఊరుకుంటే అది చనువు. ఊరుకోకపోతే అది చులకన.

లూకా సువార్త 7వ అధ్యాయం తెరవండి. పరిసయ్యుడైన సీమోను యేసుప్రభువును భోజనానికి పిలిచాడు. కాని కాళ్లకు నీళ్లివ్వలేదు, ముద్దుపెట్టి ఆహ్వానించలేదు, తలకు నూనె రాయలేదు. ప్రభువు ఆ మూడు లోపాలను ఒక్కొక్కటిగా ఎత్తి చెప్పారు. ఇంత చిన్న సంగతులా అనిపిస్తుంది. కాని పాపాత్మురాలని పేరుపడిన స్త్రీ ఆ లోటునంతా కన్నీళ్లతో, పరిమళ తైలంతో తీర్చింది. మర్యాద కొరవడిన చోట కొరవడింది ప్రేమేనని ప్రభువు చూపించారు.

మనకు ఇంకొక బాధ్యత ఉంది. మనలో చాలామంది తాతలు తెలంగాణ పల్లెల్లో దొరల గడీల ముందు చెప్పులు చేతబట్టుకొని, ‘నీ బాంచెన్ దొరా’ అని నిలబడినవారు. తల నెరసిన వాళ్లను కూడా ‘ఒరేయ్’ అని పిలిచిన రోజులవి. మన తాత గుండెలో గుచ్చుకున్న ఆ మాటనే ఈనాడు మనం వీధి ఊడ్చే కార్మికుని మీద విసిరితే, ఆ గడీ ఎక్కడికీ పోలేదన్న మాట. దాన్ని మన నోట్లోనే తిరిగి కట్టుకున్నాం.

దివ్య బలిపూజలో పక్కవారికి చేతులు జోడించి సమాధానం చెబుతాం. గేటు దాటగానే వాచ్‌మన్‌కు కూడా ఆ సమాధానం అందాలి. దివ్య సత్ప్రసాదం స్వీకరించిన నాలుకకు వేరే భాష ఉండదు.

స్వర్గస్థులైన ఫ్రాన్సిస్ పోపు గారు 2015 మే 13న కుటుంబాలకు మూడు మాటలు గుర్తుచేశారు: అనుమతి అడగడం, కృతజ్ఞత చెప్పడం, క్షమించమనడం. ఈ మూడింటినీ ఇంట్లో భార్యాభర్తలు మొదలుపెడితే పిల్లలు వింటారు. విన్నదే పిల్లలు వీధిలో పలుకుతారు.

ఈ వారం ఒక చిన్న పని చేయండి. మీ ఇంటికి పాలు, గ్యాసు, కూరగాయలు తెచ్చే ఒకరి పేరు అడిగి తెలుసుకోండి. ఆ పేరుకు ‘గారు’ చేర్చి పిలవండి. తన శిష్యుల పాదాలు కడిగిన ప్రభువు మీ నోటి మాటను, మీ ఇంటిని ఆశీర్వదించునుగాక! ఆమెన్.