త్యాగమును పాలనాధికారమును

పరిపాలించువానికి రెండు విధములగు అధికారములు గలవు. ఒకటి శాసనమువలన వచ్చునది. ఎన్నికలో గెలిచి, ప్రమాణము చేసి, సంతకము పెట్టుటకు గూర్చున్ననాడే అది చేతికి వచ్చును. గడువు తీరినంతనే పోవును. రెండవది ప్రజల మనస్సువలన వచ్చునది. దీనికి ప్రమాణపత్రము లేదు, గడువు లేదు. పన్ను చెల్లింపుడనియో, కష్టము నోర్చుకొనుడనియో, కొంతకాలము వేచియుండుడనియో నాయకుడు పలికినప్పుడు, ఈతనికి ఈ మాట చెప్పు అర్హత కలదని సామాన్యుడు లోలోపల నొప్పుకొనుటయే ఈ రెండవ అధికారము. మొదటిది మాత్రమే గలవాడు ఆజ్ఞలు జారీచేయగలడు. ప్రజలను కష్టమునకు పిలువజాలడు. ఈ నైతికాధికారము ఎట్లు పుట్టును, ఎట్లు నశించును అను ప్రశ్నను ఈ చిన్ని వ్యాసమున విచారింప దలచితిమి.

అది త్యాగమువలన బుట్టునని మన దేశమున చిన్నవాడును బదులు చెప్పును. ఆ బదులు తప్పు గాదు, కాని చాలదు. ఎవరి వస్తువును ఎవరు త్యజించిరి, దేనికొరకు త్యజించిరి, త్యజించినపిదప ఏమి కోరిరి అని విచారింపనిదే త్యాగముయొక్క విలువ తేలదు.

మన పురాణములలో ఇందుకు తగిన కథలు రెండు గలవు. శరణుజొచ్చిన పావురమును గాపాడుటకై శిబిచక్రవర్తి తన శరీరమాంసమును గోసి త్రాసులో నుంచెను. అది సరితూగకపోగా తానే త్రాసెక్కెను. సేవకుని బిలిచి నీ తొడ చూపుమని యనలేదు. హరిశ్చంద్రుడును మాట తప్పనివాడే. రాజ్యమును విడిచెను, అది ఆతడు విడువదగినదే. కాని ఋణశేషము దీర్చుటకై ఆలిని, బిడ్డను కాశీవీధిలో నమ్మెను. ఆ కథ చదివి మనము కన్నీరు విడుతుము, ఆ సత్యవ్రతమును గొనియాడుదుము, అది తగినదే. అయినను ఒక ప్రశ్న మిగిలియేయున్నది. మాట యిచ్చినది రాజు; చంద్రమతియు, లోహితాస్యుడును మాట యియ్యలేదు. ఒకని అప్పునకు వేరొకని నమ్ముట ఏ న్యాయస్థానమును నేడు సమ్మతింపదు. పాలకులు చేయు త్యాగములలో శిబిత్యాగము లెన్ని, హరిశ్చంద్రత్యాగము లెన్ని యని లెక్కించి చూచినచో మనకు జ్ఞానోదయము గాక మానదు.

పురాణములు విడిచి మన ప్రాంతమునకే వత్తము. మా ఎ.కొండూరును, మునేటి యొడ్డుననున్న పెనుగంచిప్రోలును నేడు ఎన్టీఆర్ జిల్లాలోనివి. 2022 వరకు రెండును కృష్ణాజిల్లాలోనివి. ఆ పెనుగంచిప్రోలున 1889లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు జన్మించిరి. స్కాట్లాండు దేశమునకేగి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టము బొంది వచ్చిరి. అట్టి చదువు గలవారు ఆ కాలమున కోరినచో సుఖజీవనమునకు లోటు లేదు. వారు దానిని గోరక ప్రజాసేవకు దిగిరి.

చీరాల పేరాల గ్రామములను ఆనాటి ప్రభుత్వము 1919లో పురపాలకసంఘముగ మార్చెను. ఏటికి రమారమి 4,000 రూపాయలుగ నున్న పన్నుభారము 40,000 రూపాయలకు పెరిగెను. మాకు పురపాలకము వలదని ప్రజలు మొఱపెట్టుకొనిరి, వినినవారు లేరు. 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు అచ్చటికి వచ్చినప్పుడు, ఊరు విడిచిపోవుట యొక మార్గమని సూచించెను. గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలలో నత్యధికులు ఇండ్లకు తాళములు వేసి, పురపాలకపు పొలిమేర దాటి, పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడి 11 నెలలు నివసించిరి. పన్ను ఎగవేయుట గాదు, పన్ను విధింపబడు తావునే విడిచిపోవుట వారి పద్ధతి.

ఈ ఉదంతమునందు మేము గమనింపగోరునవి రెండు గలవు. మొదటిది, ప్రజలను అడిగిరి, ప్రజలు ఒప్పుకొనిరి. రెండవది, పిలిచినవాడు తానును పాకలోనే యుండెను. పిమ్మట కారాగారమున కేగెను. నాయకుడు చెఱబడినపిదప ఉద్యమము క్షీణించెను. ప్రజలు తిరిగి తమ యిండ్లకు జేరిరి. లోకవ్యవహారదృష్టితో జూచిన అది యపజయమే. అయినను, మమ్ము ఈతడు మోసగించెనని రామనగరవాసులు తలచినట్లు చరిత్ర చెప్పదు. గోపాలకృష్ణయ్యగారు 1928లో క్షయవ్యాధిచే, దారిద్ర్యమున, నలువదియేండ్లు నిండకయే కన్నుమూసిరి. ఓడిపోయినను నైతికాధికారము నిలుచుట కలదని, గెలుపే దానికి మూలము గాదని యిందువలన తెలియుచున్నది.

ఇచ్చట నొక కఠినమైన మాట చెప్పవలసియున్నది. ఎడింబరోలో చదివినవాడు పాకలో నుండుటయు, మగ్గముపై బ్రతుకు నేతగాడు పాకలో నుండుటయు పైకి సమానముగ గనుపించును. నిజమునకు సమానము గాదు. మొదటివాడు మనసు మార్చుకొన్న మరునాడే యొక యుద్యోగము పొందగలడు. రెండవవాని మగ్గము నిలిచిన నాడు వాని పొయ్యియు నిలుచును. కావున కష్టమున సమభాగము గైకొంటినని నాయకుడు తృప్తిపడరాదు. సమభాగమునకు మించి గైకొన్నప్పుడే అది న్యాయముగ సమభాగ మగును. గోపాలకృష్ణయ్యగారు ఆ యెక్కువ భాగమును తమ యాయువుతో చెల్లించిరి.

ఇక రెండవ విషయము: త్యాగము చేసినవాడు ఏమి కోరవచ్చును? న్యాయవాదవృత్తి యందున్న మాబోటివారికి టంగుటూరి ప్రకాశముపంతులుగారి చరిత్రము దీనికి మంచి పాఠము. ఇంగ్లాండున బారిష్టరై వచ్చి, చెన్నపురి హైకోర్టులో పేరుప్రతిష్ఠలును, ధనమును విశేషముగ నార్జించి, 1921లో ఆ వృత్తిని విడిచిరి. "స్వరాజ్య" పత్రికను స్థాపించి ఆర్జించినదెల్ల దానికే వెచ్చించిరి. 1928లో సైమన్ సంఘ బహిష్కారమునాడు తుపాకులకెదురుగ ఱొమ్ము చూపిరి. 1946లో మదరాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియైరి. మరుసటియేడే స్వపక్షమువారే వారిని దింపిరి. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రియైరి; 1954 నవంబరులో మద్యనిషేధ విషయమై శాసనసభలో వచ్చిన అవిశ్వాసతీర్మానము ఒక్క వోటు తేడాతో నెగ్గగా వారి ప్రభుత్వము పడిపోయెను. 1957లో ఆస్తి యేమియు మిగుల్చుకొనకయే పరమపదించిరి.

ఇంతటి త్యాగిని ఒక్క వోటుతో దింపుట కృతఘ్నత గాదాయని కొందఱడుగుదురు. కాదని మా యభిప్రాయము. ఱొమ్ము చూపినవానిని గౌరవించుట వేరు; ఆతడు చేసిన ప్రతి నిర్ణయమును శిరసావహించుట వేరు. పంతులుగారు ఒంటెత్తు పోకడ పోవుదురని వారి కాలమువారే విమర్శించిరి. ఆ విమర్శలో నిజానిజము లెట్లున్నను, విమర్శించు హక్కు మాత్రము సభకు గలదు. త్యాగము పట్టా గాదు. పట్టా గలవాడు భూమి నాదనును. ధర్మకర్త భూమి నాయొద్ద నున్నదనును. త్యాగమువలన వచ్చిన యధికారము ఈ రెండవ తెగకు జెందినది. ఎంత ఆర్జించి, ఎంత వెచ్చించి, ఎన్నినాళ్లు కారాగారమున నుండినను, లెక్క చూపుమని యడిగినప్పుడు చూపవలసినదే, దిగుమన్నప్పుడు దిగవలసినదే. పంతులుగారి చరిత్రమున ఱొమ్ము చూపిన ఘట్టమును మనము చిత్రపటములుగ వ్రాసికొంటిమి. ఒక్క వోటుకు తలవంచి గద్దె దిగిన ఘట్టమును ఎవరును చిత్రింపలేదు. పాలకులకు రెండవదే యెక్కువ పనికివచ్చు పాఠము.

స్వాతంత్ర్యము వచ్చినపిదప మన దేశమున త్యాగము మూలధనమై వడ్డీ తెచ్చుట మొదలిడెను. కారాగారమున గడపిన దినములను దాఖలాగ జూపి పదవుల నడిగినవారు కొందఱు. తండ్రి చేసిన త్యాగమునకు కొడుకు ప్రతిఫలము కోరుట, తాత పేరిట మనుమడు వోటడుగుట నేటికిని చూచుచున్నాము. వీలునామా వ్రాసి ఆస్తి నియ్యవచ్చును. త్యాగమును వీలునామా వ్రాసి యియ్యుటకు వీలులేదు. ప్రతిఫలము నందుకొన్న క్షణముననే అది త్యాగము గాక క్రయవిక్రయ మగును.

మూడవ విషయము వీనికంటె క్లిష్టమైనది. పొట్టి శ్రీరాములుగారు ప్రత్యేకాంధ్రరాష్ట్రముకొరకు 1952 అక్టోబరు 19న చెన్నపురిలో బులుసు సాంబమూర్తిగారి యింట నిరాహారదీక్ష బూని, 58 దినములు గడపి, డిసెంబరు 15 రాత్రి ప్రాణములు విడిచిరి. నాలుగు దినములకు కేంద్రప్రభుత్వము ఆంధ్రరాష్ట్ర నిర్మాణమునకు సమ్మతించెను. ఆయన చేసినది శిబిత్యాగమే. తన శరీరమును దక్క మరియొకరిది త్రాసులో వేయలేదు. హరిజనుల దేవాలయప్రవేశముకొరకును పూర్వము ఇట్లే యుపవసించినవారు గనుక అది తాత్కాలికావేశము గాదు.

అయినను ఆయన మరణానంతరము ఆంధ్రదేశమున చెలరేగిన యల్లరులలో, పోలీసుల కాల్పులలో కొందఱు చనిపోయిరి. వారు దీక్ష బూనలేదు; చావుకు సిద్ధపడి వీధికి రాలేదు. వారి పేర్లు నేడు మనకు తెలియవు. ఒకరి బుద్ధిపూర్వకమైన మరణమునకు విగ్రహములు లేచినవి. పలువురి యనుకోని మరణములకు గుఱుతు లేదు. దీనికి శ్రీరాములుగారిని నిందింపరాదు. నిందింపవలసినది, మనిషి చచ్చినగాని వినని పాలనావిధానమును. కోర్కె న్యాయమైనదైనచో 58 దినముల పూర్వమే న్యాయమైనది. అన్యాయమైనదైనచో 58 దినముల పిదపను అన్యాయమే. ప్రజల ప్రాణములను దాఖలాగ గైకొని తీర్పు చెప్పు ప్రభుత్వము, ఆ తీర్పు మంచిదైనను, నైతికాధికారమును గోల్పోవును. ఏలయన అది తన త్యాగముతో గాక ఇతరుల త్యాగముతో పాలించుచున్నది.

ఈ మాట చరిత్రకు మాత్రమే చెందినదని చదువరులు తలపరాదు. మా ఎ.కొండూరు మండలమున లంబాడీల తండాలు పెక్కు గలవు. ఆ తండాలలో చాలయేండ్లుగ మూత్రపిండముల వ్యాధి ప్రబలియున్నది. పొలముపనులు చేసికొని బ్రతుకువారు ఈ వ్యాధిచే మంచమెక్కుచున్నారు, పెక్కుమంది మరణించిరి. రక్తశుద్ధి చికిత్సకై మాటిమాటికి ప్రయాణము చేయు కుటుంబమున ఒకరు రోగి, మరియొకరు తోడు. ఇద్దఱి కూలియు పోవును. త్రాగు బోరునీటిపై వైద్యులకు, శాస్త్రజ్ఞులకు అనుమానము గలదు. కారణము పూర్తిగ నిష్కర్షింపబడకున్నను, మంచినీరు వారికి చేరవలెననుటలో భేదాభిప్రాయము లేదు. కృష్ణాజలమును తెచ్చుటకు ప్రభుత్వములు పూనుకొన్నవి, అది సత్కార్యమే. మేమడుగునది యొక్కటి: పూనుకొనుటకు పట్టిన యేండ్లను ఎవరు భరించిరి? ఆ యాలస్యమును తండావాసులు తమ శరీరములతో చెల్లించిరి. వారిని అడిగినవారు లేరు, వారు ఒప్పుకొనలేదు. చీరాలవారి కష్టమునకు సమ్మతి గలదు, దీనికి లేదు. కాశీవీధిలో చంద్రమతి నిలిచినట్లు వారు నిలిచిరి. ఆమెనైన పతిసత్యము కొరకని యూరడింపవచ్చును. వీరి నేమని యూరడింతుము?

నలువదియెనిమిది దినములు పస్తుండి, తుదకు మిగిలిన గ్రుక్కెడు నీటిని దప్పిగొని వచ్చిన అంత్యజునకు రంతిదేవుడు ధారపోసెనని భాగవతము చెప్పును. రాజులందఱు అట్లు చేయవలెనని మేము కోరము. అంత ఘనకార్యము అక్కఱలేదు. తండాను పరిశీలింపవచ్చు పెద్దలు తమ బండిలోని సీసానీటిని బండిలోనే యుంచి, అచ్చటి బోరునీటిని, అచ్చటి పిల్లలు త్రాగు చెంబుతోనే, ఒక్క మాసము త్రాగ నిశ్చయించినచో చాలును. కాగితములు బల్లలు మారు వేగము వెంటనే హెచ్చునని మా నమ్మకము. పాలకుడు తన కొక్కనికి వేరు నీరు, వేరు ఆస్పత్రి, వేరు పాఠశాల ఏర్పఱచుకొన్ననాడే ప్రజల కష్టము ఆతనికి నివేదికలోని అంకెగ మారును. అంకెకు దప్పి వేయదు. త్యాగముయొక్క ప్రయోజనము పుణ్యసంపాదనము గాదు. ఎదుటివాని కష్టము మనకు నిజముగ తెలియుట.

ఇంతవఱకు నాయకులను గూర్చి వ్రాసితిమి. కాని ఈ పుటలను చదువువారు చదువుకొన్నవారు, భూవసతి గలవారు, గ్రామములలో మాట చెల్లుబడి గలవారు. మన మాటవలననే పంచాయతీలు, శాసనసభలు చాలవఱకు నడచుచున్నవి. మనయిండ్లకు శుద్ధజలము వచ్చిన దినముననే నీటి సమస్య తీరెనని మనము తలచితిమా లేదాయని యెవరి గుండెను వారే యడుగవలయును. నాయకుని త్యాగము జూచి చప్పట్లు గొట్టుట సులభము. అది మనకు ఖర్చులేని పుణ్యము. మరియొకరిని శిబిగ నిలిపి, మనము త్రాసు చుట్టును ప్రేక్షకులమై నిలుచుట ధర్మము గాదు.

కావున వోటడుగ వచ్చినవానిని, నీవేమి త్యజించితివని యడుగుట చాలించి, నీ నిర్ణయములవలన కలుగు నష్టము మొదట ఎవరిపై బడును, వారిని అడిగితివా, ఆ నష్టములో నీ భాగమెంత యని యడుగుదము గాక. బదులు చెప్పగలవానికే మన వోటు, మన సహకారము నిత్తము. బదులు చెప్పలేనివాడు ఎంతటి త్యాగి వంశమువాడైనను నమస్కరించి పంపుదము. ఈ ప్రశ్నలు వేయుటవలన మనకును కొంత నష్టము రాకపోదు. స్నేహములు చెడును, పనులు జరుగవు, కొన్ని తలుపులు మూయబడును. ఆ నష్టము మన భాగము. దానిని భరించుటకు సిద్ధపడనివారికి నాయకులనుండి త్యాగము గోరు హక్కు లేదు.