తగ్గింపు ఎవరికి?

దోహా శివార్లలో మెసైమీర్ దగ్గర చర్చిలన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. అమీర్ ఇచ్చిన స్థలంలో మొదటిది, రోజరీ మాత చర్చి, 2008 మార్చిలో తెరిచారు. బయటికి శిలువ కనబడదు, గంట వినబడదు. ఇక్కడ వారాంతపు సెలవు శుక్రవారం కనుక ఆరాధనా ఆ రోజే.

నాలాంటి కంప్యూటర్ ఉద్యోగుల పక్కనే, సెలవు దొరికితే, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికొచ్చిన అక్కలు కూర్చుంటారు. "తగ్గించుకోండి" అన్న బోధ అందరం వింటాం. అందరికీ దాని అర్థం ఒకటేనా?

జీతానికీ సెలవుకీ ఇంకొకరి దయ మీద బతికే మనిషి తల వంచితే అది దీనమనస్సు కాదు, గత్యంతరం లేకపోవడం. యజమాని అనుమతి లేకుండా పని మారే హక్కు ఖతర్‌లో 2020లో వచ్చింది. ఆ హక్కు అడగడం గర్వమవుతుందా?

అరణ్యంలో యేసుకొచ్చిన శోధన చూడండి. రాళ్ళని రొట్టెలు చేయగలవాడికే ఆ శోధన. చేయలేనివాడికి ఉండేది ఆకలే. శిష్యుల పాదాలు కడిగిందీ గురువే. తగ్గింపు అధికారం ఉన్నవాడు చేయాల్సిన సాధన.

మన శోధన బంగారం కొట్లలో లేదు. "దేవుడు దీవించాడు గనకే పైనున్నాను" అనుకోవడంలో ఉంది. పనిమనిషికి వారానికో రోజు సెలవు, అనుకున్న తేదీకి జీతం ఇచ్చి, ఆ తర్వాత మోకరిద్దాం.