సేవకుని వాక్కు, సేవకుని మౌనము

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట ధర్మమనుటలో ఎవ్వరికిని సందేహము లేదు. కాని ఆ యాకలి అనావృష్టి వలన గాక మనుష్యుల ఆజ్ఞ వలన కలిగినప్పుడు, అన్నము పెట్టిన చేయి తన పని ముగిసినదని తృప్తి చెందవచ్చునా? లేక ఆ యాజ్ఞ నిచ్చినవారి యెదుట సేవకుడు నోరు విప్పవలయునా? వరద వచ్చినచోట సేవకునకు శత్రువు లేడు. యుద్ధము వచ్చినచోట గంజి కాచుటకును అధికారి అనుమతి కావలయును. ఆ అధికారియే బాధకు కారకుడైనచో, పలికినయెడల ద్వారము మూయబడును. పలుకనియెడల బాధ కొనసాగును. ఆర్తసేవను వ్రతముగ గైకొన్న ప్రతి సంస్థకును ఎప్పుడో యొకప్పుడు ఈ ధర్మసంకటము ఎదురుకాక తప్పదు.

భారతీయ సంప్రదాయమున ఈ విషయమై రెండు బోధలు కలవు. కురుసభలో ద్రౌపదికి పరాభవము జరుగుచుండగా భీష్ముడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను, ద్రోణుడు మిన్నకుండెను. ధృతరాష్ట్రుని కుమారులలోనే యొకడైన వికర్ణుడు లేచి అది అధర్మమని పలికెను, విదురుడును హెచ్చరించెను. వారి మాట ఆ క్షణమున అన్యాయము నాపలేదు. ఐనను లోకము నేటికిని వారి మాటను స్మరించుచున్నది. పెద్దల మౌనమును మాత్రము క్షమింపలేకున్నది. ఇది మొదటి బోధ. రెండవది, వాక్కును తపస్సుగ నెంచిన గీతాబోధ. సత్యమొక్కటియే చాలదనియు, ఆ సత్యము పరుని మనస్సును వృథాగ నొప్పింపక అతని మేలునకై వెలువడవలయుననియు పదునేడవ అధ్యాయమున చెప్పబడిన వాఙ్మయ తపస్సునకు తాత్పర్యము. మొదటి బోధ మౌనమును శంకించుచున్నది; రెండవది మాటను శంకించుచున్నది. ఈ రెండింటిని ఒక్క జీవితమున నిలుపుటకు ప్రయత్నించినవారిలో ఇంగ్లండు దేశీయురాలైన ఎమిలీ హాబ్‌హౌస్ ఒకతె.

ఆమె 1860లో కార్న్‌వాల్ ప్రాంతమున ఒక క్రైస్తవ మతాచార్యుని గృహమున జన్మించెను. 1899లో దక్షిణాఫ్రికాయందు బ్రిటిషు సామ్రాజ్యమునకును బోయరులకును యుద్ధము ప్రారంభమైనది. బోయరులనగా అచ్చట తరతరములుగ స్థిరపడిన డచ్చి మొదలగు ఐరోపా జాతుల సంతతివారు, ప్రధానముగ కర్షకులు. వారు గెరిల్లా పోరాటమునకు దిగగా, వారికి ఆహారము అందకుండుటకై బ్రిటిషు సైన్యము పొలములను, ఇండ్లను తగులబెట్టి, స్త్రీలను, పిల్లలను గుడారముల శిబిరములకు తరలించెను. హాబ్‌హౌస్ ఆ స్త్రీల కొఱకు ఒక సహాయనిధి నేర్పరచి, 1900 డిసెంబరు కడపట కేప్‌టౌను నగరము చేరెను. అధికారుల అనుమతి పొంది, వస్త్రములను, ఆహారపదార్థములను నింపిన ఒక రైలు పెట్టెతో 1901 జనవరి 24న బ్లూంఫాంటెయిన్ శిబిరమునకు పోయెను.

అచ్చట ఆమె కంటబడినవి ఎండకు మండు గుడారములు, చాలని నీరు, చాలని తిండి, రోగపీడితులైన శిశువులు. సబ్బు అసలే ఇయ్యబడుటలేదు. ఆమె చేసిన మొదటి పని ఉపన్యాసము కాదు, సబ్బు నడుగుట. అది విలాసవస్తువని సమాధానము వచ్చినది. ఆమె విడువక పెనగులాడి సబ్బును అవసరవస్తువులలో చేర్పించెను. పరుపులకు గడ్డిని, నీళ్లు కాచుటకు పాత్రలను, మరికొన్ని గుడారములను సంపాదించెను. ఇతర శిబిరములను గూడ తిరిగిచూచి మరల బ్లూంఫాంటెయిన్ చేరునప్పటికి అచ్చటి జనసంఖ్య సుమారు రెట్టింపైనది. ఒకవైపు ఆమె వస్త్రములు పంచుచుండగా, మరియొకవైపు సైన్యము క్రొత్త కుటుంబములను తెచ్చి దించుచుండెను. చిల్లికుండలో ఎంత నీరు పోసినను నిలువదు. ఆ చిల్లి బ్లూంఫాంటెయిన్‌లో లేదు. ఆజ్ఞలు వెలువడుచున్న రాజధానిలో నున్నది. కావుననే ఆమె 1901 మే నెలలో స్వదేశమునకు మరలెను.

ఆమె యుద్ధమంత్రిని కలిసికొనెను; పార్లమెంటు సభ్యులకు తన నివేదిక నందజేసెను. ఆ నివేదికలో ఏ శిబిరమున ఏమి చూచినదియు, నిర్బంధింపబడిన స్త్రీలు తమ నోట చెప్పుకొన్న వృత్తాంతములును, వెంటనే చేయదగిన మార్పుల పట్టికయు కలవు. కొన్ని పత్రికలు ఆమెను శత్రుపక్షపాతి యని దూషించినవి. ఐనను జూన్ 14న ప్రతిపక్ష నాయకుడు క్యాంబెల్ బానర్‌మన్ ఆ యుద్ధపద్ధతులను అనాగరికములని బహిరంగముగ ఖండించెను. ప్రభుత్వము మిలిసెంట్ ఫాసెట్ నాయకత్వమున ఒక స్త్రీల సంఘమును పరిశీలనకు పంపెను. హాబ్‌హౌస్‌కు అందు స్థానమీయలేదు. ఆ సంఘమును శిబిరములలోని ముఖ్యలోపములను ధ్రువపరచి మార్పులను సూచించినది. 1901 అక్టోబరు నెలలో సాలీనా వెయ్యికి 344గ లెక్కకు వచ్చిన మరణముల రేటు, 1902 ఫిబ్రవరికి 69కి తగ్గినది. ఐనను యుద్ధము ముగియునప్పటికి సుమారు 26,000 మంది బోయరు స్త్రీలు, పిల్లలు ఆ శిబిరములలో అసువులు బాసిరి.

హాబ్‌హౌస్ చెల్లించిన మూల్యమును గమనింపదగినది. 1901 అక్టోబరులో ఆమె మరల కేప్‌టౌను రేవు చేరగా, సైనికాధికారులు ఆమెను ఓడ దిగనీయక, కొలది దినములకే మరియొక ఓడలో వెనుకకు పంపివేసిరి. పలికిన నోటికి ద్వారము మూయబడినది. కాని ఆమె పలుకుటచేతనే ఇతరులకు ఆ ద్వారము తెరువబడినది.

ఇందుకు భిన్నమైన నిర్ణయము నలుబది యొక్క సంవత్సరముల తరువాత జెనీవా నగరమున జరిగినది. యుద్ధఖైదీల రక్షణకై పాటుపడు అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘము 1942 అక్టోబరు 14న సమావేశమైనది. యుద్ధమున పౌరులపై జరుగుచున్న అత్యాచారములను గూర్చి ఒక బహిరంగ విజ్ఞప్తి చేయుట ఆనాటి ప్రశ్న. జర్మనుల యేలుబడిలో యూదులు సామూహికముగ వధింపబడుచున్నారను వార్తలు అప్పటికే సంఘమునకు చేరియుండెను. విజ్ఞప్తి చేసినచో తాటస్థ్యమునకు భంగము కలుగుననియు, ఖైదీలకు చేయుచున్న సేవకు ముప్పు వాటిల్లుననియు తలచి, సభ్యులు దానిని వెలువరింపక విరమించిరి. ఖైదీలు లక్షల సంఖ్యలో నుండిరి. వారి రక్షణ మిథ్యాకారణము కాదు. ఐనను తరువాతి కాలమున ఆ సంఘమే ఆనాటి మౌనమును తన నైతిక వైఫల్యముగ అంగీకరించినది.

అట్లని పలుకుట ఎల్లప్పుడును సులభమైన ధర్మమని తలపరాదు. 1984, 1985 సంవత్సరములలో ఇథియోపియా దేశమున ఘోరక్షామము సంభవించెను. ప్రభుత్వము ఉత్తర ప్రాంతపు ప్రజలను దక్షిణమునకు బలవంతముగ తరలించుచుండెను. ‘సరిహద్దులు లేని వైద్యులు’ అను సంస్థ యొక్క ఫ్రెంచి శాఖ, క్షామనివారణకై వచ్చిన సహాయమే ఆ తరలింపునకు సాధనమగుచున్నదని బహిరంగముగ ఖండించి, 1985 డిసెంబరులో దేశమునుండి బహిష్కరింపబడెను. పెక్కు సంస్థలు మాటాడక అచ్చటనే నిలిచి అన్నము పెట్టుచుండెను. బహిష్కృతులైన వైద్యులు తమ దేశమునకు మరలగలిగిరి. వారి రోగులు మరలిపోవుటకు వేరు దేశము లేదు. నిలిచినవారు తల్లుల యొడిలోని బిడ్డలకు పాలు పోసిరి. కాని ఆ పాల కొఱకు వచ్చిన తల్లులే బలవంతపు తరలింపునకు చిక్కు ప్రమాదమును కలదు. ఇరువురిలో ఎవరినైనను దూరమున కూర్చుండి నిందించుట తగదు.

మరి నిర్ణయించు నాయకుడు దేనిని ప్రమాణముగ గొనవలయును? అతడు తన్ను తాను వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు: ఈ మౌనము ఎవరిని కాపాడుచున్నది? దాని వెల నెవరు చెల్లించుచున్నారు? మౌనముచే కాపాడబడుచున్నది ఆర్తుని అన్నమైనచో, అది సేవయే. దానిని ఓర్పుతో భరింపవలయును. కాపాడబడుచున్నది సంస్థ యొక్క పేరు, విరాళములు, అధికారుల ప్రసన్నత యైనచో, అది వివేకమను ముసుగు వేసికొన్న భయము. జెనీవాలో జరిగిన పొరపాటు ఇచ్చట స్పష్టమగును. మౌనము వలన మేలు పొందదలచినవారు ఖైదీలు. ఆ మౌనమునకు వెల చెల్లించినవారు వేరొకరు. వధ్యశిలకు చేరినవానికి మరొకని భద్రతను చూపి ఓర్చుకొమ్మనుట న్యాయము కాదు.

ఇదే ప్రశ్నను మాటకును వేయవలయును. తాను పలికినందులకు తానే శిక్ష ననుభవించుట సులభము. అందు కీర్తియు కలదు. తాను పలికినందులకు శిబిరములోని తల్లి శిక్ష ననుభవించుట వేఱు. కావున నోరు విప్పదలచిన నాయకుడు తాను బయలువెడలిన తరువాత గంజికుండను కాచువారెవరో ముందుగ చూచుకొనవలయును. చేతికి పని యున్నవాడు చేతితోను, నాలుకకు పని యున్నవాడు నాలుకతోను సేవించునట్లు పనిని పంచుకొనవచ్చును. అందఱును ఒక్కటే పని చేయవలయునను నియమము లేదు. ఒకరిపనిని మరొకరు తక్కువగ నెంచకుండుటయే నియమము.

ఆర్తుల పక్షమున పలుకువానికి లోపలి శత్రువొకటి కలదు, అది అహంకారము. పరుల దుఃఖమును వర్ణించి వర్ణించి, తుదకు ఆ దుఃఖము తనదేయైనట్లును, సభలోని కరతాళధ్వనులు తనకే చెందినట్లును భావించుట అతనికి సహజమగును. ఏడ్చుచున్న బిడ్డ బొమ్మను చూపి విరాళములు సంపాదించుట సులభము. ఆ బిడ్డ తన కొఱకు తాను ఏమి చెప్పుకొనగోరునో యని యాలోచించుట దుర్లభము. ఆర్తుని ముఖమును భిక్షాపాత్రగ మార్చరాదు. అతడు అప్పుగ ఇచ్చిన గొంతును సేవకుడు చెడకుండ కాపాడి మరల అతనికే అప్పగింపవలయును.

ఆ గొంతు అప్పుగ దొరకని అభాగ్యులును కలరు. అదే దక్షిణాఫ్రికాయుద్ధమున నల్లజాతివారికై వేఱు శిబిరములుండెను. వానిలో 14,000కు పైగా మరణములు నమోదైనవి. నిజసంఖ్య అంతకు మించినదని చరిత్రకారులు తలచుచున్నారు. హాబ్‌హౌస్ ఆ శిబిరములను స్వయముగ పరిశీలింపలేకపోయెను. వారి కొఱకు అంతటి స్వరము ఆనాడు ఇంగ్లండులో లేవలేదు. కరుణ గల కన్ను సైతము తాను చూచినవారినే చూచును. కాబట్టి ఎవరి పక్షమున ఎవ్వరును పలుకుటలేదో వారిని వెదకుట ఇట్టి సేవలో ప్రథమకర్తవ్యమైయుండవలయును.

ఐనను ఆ మహిళ తన వాక్కును ద్వేషమునకు అమ్ముకొనలేదు. 1913 డిసెంబరులో మృతులైన స్త్రీల, పిల్లల స్మారకస్తంభమును బ్లూంఫాంటెయిన్‌లో ఆవిష్కరించినప్పుడు, అస్వస్థతచే తాను రాలేక పంపిన సందేశమున ఆమె బోయరులను క్షమింపుడని వేడుకొనెను. ఆ సంవత్సరమే నేటాల్‌లో తమిళులు, తెలుగువారు మొదలగు భారతీయ కూలీలు గాంధీజీ నాయకత్వమున సమ్మె కట్టియుండిరి. గాంధీజీ జనరల్ స్మట్స్‌తో సంప్రదించు తరుణమున, స్మట్స్‌కు చిరపరిచితురాలైన ఆమె మధ్యవర్తిగ సాయపడెను. మొదటి ప్రపంచయుద్ధానంతరమున, తన దేశము నిన్నటివఱకు శత్రువుగ నెంచిన జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున ఆకలితో నలగుచున్న పిల్లలకు అన్నము పెట్టించెను. ఆమె 1926లో మరణింపగా చితాభస్మమును ఆ స్మారకస్తంభము పాదమున నుంచిరి.

సబ్బు నడుగుటతో ఆమె వాక్కు మొదలైనది. పిల్లల గంజిపాత్ర యొద్దకు ఆమె మరల చేరినది. చేతి సేవనుండి పుట్టి చేతి సేవయందే లయించు మాట తపస్సు. ఆ మూలమును మఱచినది, ఎంత సత్యమైనను, కోలాహలము మాత్రమే.