ఉత్తుత్తి నోట్ల విందు

ధ్యానింపవలసిన భాగములు: న్యాయాధిపతులు 14, 15 అధ్యాయములు, 1 కొరింథీయులకు 8వ అధ్యాయము.



క్రిస్మసు సెలవులకు పట్టణములనుండియు పైదేశములనుండియు మన పిల్లలు ఇండ్లకు వచ్చునప్పుడు క్రొత్త బట్టలతోను మిఠాయిలతోను కూడ క్రొత్త వేడుకలును వచ్చుట సహజమే. అట్టి వేడుకలలో ఒకదానిని గూర్చి యీ నెల మనము ఆలోచింపవలసియున్నది. దానిని ‘క్యాసినో రాత్రి’ అందురు. క్యాసినో అనగా జూదశాల. అమెరికా దేశములో కొందరు పుట్టినరోజులకును క్రొత్త సంవత్సరపు విందులకును ఇంటిలోనే యొక జూదశాలను అమర్చుదురు. బల్లమీద ఆకుపచ్చ గుడ్డ పరచి, దానిపై పేకముక్కలు, పాచికలు, అంకెలు వేసిన చక్రము పెట్టుదురు. గుమ్మమునొద్ద ప్రతి అతిథికిని సమానముగా ఉత్తుత్తి నోట్లనో రంగు బిళ్ళలనో ఇత్తురు. రాత్రి ముగియు వేళకు ఎవరియొద్ద ఎక్కువ ఉన్నవో వారికి చిన్న బహుమానము దొరకును. అసలు డబ్బు చేతులు మారదు. అక్కడి పాఠశాలలును ధర్మసంస్థలును చందాలు పోగుచేయుటకు సహితము ఇట్టి రాత్రులు జరుపుట కలదు. ఆ సామానంతయు పెట్టెలలో అమ్మకమునకు దొరకుచున్నది గనుక మన వసారాలోనికి వచ్చుటకు పెద్ద ఖర్చేమియు లేదు.

“అసలు డబ్బు లేనప్పుడు తప్పేమి?” అని యౌవనస్థులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కసరి నోరు మూయించినచో వారు ఇంకొకరి యింటికి పోయి ఆడుదురు, అంతే జరుగును.

పేకముక్కను ముట్టుటయే పాపమనువారు మన సంఘములలో ఉన్నారు. అంతమాట మనము చెప్పజాలము. చీట్లు వేయుట బైబిలులోనే యున్నది. షిలోహులో యెహోషువ చీట్లు వేసి మిగిలిన యేడు గోత్రములకు భూమి పంచెను (యెహోషువ 18). యూదా స్థానమునకు మత్తీయ వచ్చినది చీటివలననే (అపొ. కార్య. 1:26). అయితే ఆ చోట్ల ఒకని సొత్తు ఊడి మరియొకని చేతిలో పడలేదు. సిలువ క్రింద రోమా సైనికులు వేసిన చీట్లు వేరు (యోహాను 19:23, 24). పైన ప్రభువు ప్రాణము విడుచుచుండగా క్రింద వారు కుట్టులేని అంగీ ఎవరికి వచ్చునా యని చూచుకొనుచుండిరి. వారిలో ఒక్కడైనను తలయెత్తి చూచినట్లు ఆ రెండు వచనములలో లేదు.

సమ్సోను పెండ్లివిందు మన విషయమునకు ఇంకను దగ్గర. ఏడు దినముల విందు. పెండ్లికుమారుని చుట్టు ముప్పదిమంది స్నేహితులు. సమ్సోను వారికొక పొడుపుకథ వేసెను. వారు విప్పినచో ముప్పది నారబట్టలును ముప్పది జతల దుస్తులును అతడియ్యవలెను, విప్పలేనిచో వారతనికియ్యవలెను. పెండ్లియింటి సరదాగానే మొదలైనది. మూడు దినములు గడచినను వారికి జవాబు తట్టలేదు. అంతటితో సరదా చెడినది. ఓడిపోవుట యిష్టములేక ఆ స్నేహితులు పెండ్లికూతురునొద్దకు వెళ్లి, మర్మము రాబట్టి చెప్పనియెడల నిన్నును నీ తండ్రి యింటివారిని కాల్చివేయుదుమని బెదిరించిరి. విందు సాగుచుండగా ఆమె భర్తయెదుట ఏడ్చుచునేయుండెను. కడపట సమ్సోను పందెపు బాకీ తీర్చుటకు అష్కెలోనుకు పోయి ముప్పదిమందిని చంపి వారి బట్టలు తెచ్చి యిచ్చెను. ఆ కోపముతోనే తండ్రి యింటికి పోయెను. అతని భార్యను అతని స్నేహితునికే యిచ్చివేసిరి. కొన్నాళ్లకు ఫిలిష్తీయులు ఆమెను ఆమె తండ్రిని నిజముగానే కాల్చివేసిరి (15:6).

ఆ పందెము కాచినవారు ముప్పదియొక్కరు. ఆ స్త్రీ ఆ లెక్కలోనిది కాదు. పొడుపుకథ ఆమె వేయలేదు. గెలిచినను ఓడినను ఒక్క బట్టయైన ఆమెకు రావలసినది లేదు. గ్రంథములో ఆమె పేరైనను వ్రాయబడలేదు. విందులో ఏడ్చినది మాత్రము ఆమెయే.

మన పల్లెలలో ఈ స్త్రీని ఎరుగనివారెవరు? పంట అమ్మిన డబ్బు యింటికి రాకమునుపే మూడు ముక్కలాటలోనో లోనా బయటాలోనో కరగిపోగా, అన్నము మీద మూతపెట్టి వాకిట చూచుచు కూర్చుండినది ఈమెయే. సంక్రాంతికి కోడిపందెముల బరి ప్రక్కన పరచిన పట్టాలమీద ఈమె చెవి దుద్దులు పోయినవి. ఇటీవల పట్టాతో పనిలేకపోయినది. ఆట ఫోనులోనికి వచ్చి దుప్పటిక్రింద దూరినది. డబ్బు ఒడ్డి ఆన్‌లైనులో ఆడు ఆటలను 2017లో తెలంగాణమును, 2020లో ఆంధ్రప్రదేశమును నిషేధించినవి. 2025 ఆగష్టులో పార్లమెంటు దేశమంతటికిని అట్టి చట్టమే చేసినది. ఆలోపల ఎందరు అప్పులపాలైరో, ఎందరు ప్రాణము తీసికొనిరో పత్రికలలో చదువుచు వచ్చితిమి. ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. ఆ ఫోను ఆటలలో చాలవరకు మొదట ఉచితముగా బిళ్ళలిచ్చి ఆడనిచ్చినవే. ఉత్తుత్తి డబ్బుతో చేతికి ధైర్యము వచ్చును. అసలు డబ్బు దగ్గర ఆ ధైర్యము వెనుకకు పోదు.

ఆ అంకెల చక్రమునే చూడుడు. సున్న మొదలుకొని 36 వరకు 37 గళ్లున్నవి. ఒక గడిమీద ఒక రూపాయి పెట్టి గెలిచినచో, మన రూపాయితో కూడ మరి 35 వచ్చును. అన్ని గళ్లమీద ఒక్కొక్కటి చొప్పున 37 రూపాయలు పెట్టితిమనుకొనుడు. ఏ అంక పడినను మనకు తిరిగి వచ్చునవి 36. ఒక్క రూపాయి ప్రతిసారి శాల యజమానికి పోవును. అమెరికా చక్రములలో చాలవాటికి సున్నలు రెండు గనుక 38 పెట్టినచో రెండు పోవును. మన దేశములో గోవా, సిక్కిము రాష్ట్రములలో క్యాసినోలకు అనుమతి కలదు. పణజీయొద్ద మాండవి నదిమీద ఓడలలో ఈ చక్రము తిరుగుచున్నది. మన రెండు రాష్ట్రములనుండియు అక్కడికి పోవువారున్నారు. వారికి ఈ లెక్క ఎవరైనను చింతపిక్కలతో చేసి చూపిరో లేదో.

అయినను ఉత్తుత్తి నోట్ల విందుమీద మనకున్న అభ్యంతరము ఈ లెక్క కాదు. పందెము లేని ఆటను చట్టము జూదమనదు; మనమును అనము. కొరింథు సంఘములో ఇటువంటి తగవే పుట్టినది. విగ్రహమునకు అర్పించిన మాంసము తినవచ్చునా? తెలివిగలవారు, విగ్రహము వట్టిది గనుక మాంసము మాంసమేయనిరి. పౌలు వారి తెలివిని తప్పుపట్టలేదు. విగ్రహము వట్టిదేయని తానును ఒప్పుకొనెను. తరువాత వారడుగని సంగతి ఎత్తెను: నిన్నటివరకు ఆ విగ్రహమునకే మ్రొక్కినవాడు నీవు భోజనపంక్తిలో కూర్చుండుట చూచినచో ఏమగును? వానికి అది వట్టిది కాదే. వాని నిమిత్తమే క్రీస్తు చనిపోయెను. కాబట్టి తన సహోదరునికి అడ్డము కలుగునెడల తాను ఎన్నటికిని మాంసమే తిననని పౌలు వ్రాసెను. అంత పెద్ద మాట అతడు వ్రాసినది పాపమును గూర్చి కాదు, తనకు స్వేచ్ఛ యున్న వస్తువును గూర్చియే.

ఇప్పుడు మన క్రిస్మసు విందుకు వచ్చువారిని తలంచుకొందము. బావగారు వత్తురు, పిన్ని వచ్చును, ప్రక్కయింటి పిల్లలు వత్తురు. వారితో కూడ రెండేండ్ల క్రిందట పేక మానుకొన్న సహోదరుడును వచ్చును. సంఘము అతని నిమిత్తము ఉపవాసముండి ప్రార్థించినది. అతడు ఇప్పటికిని ఆ రచ్చ అరుగుమీదుగా పోక చుట్టుదారిని చేనికి పోవుచున్నాడు. అట్టివానికి మనము గుమ్మమునొద్ద నవ్వుచు నోట్లకట్ట చేతిలో పెట్టుదుమా? మిగిలినవారికి అది కాగితము. అతని వ్రేళ్లకు మాత్రము దాని సంగతి తెలియును. అతడు వద్దనినచో నలుగురిలో చులకన. పుచ్చుకొనినచో ఆ రాత్రి నిద్రపట్టదు. వంటయింటిలో గారెలు వేయుచున్న అతని భార్యకు వసారాలో ముక్కలు కలుపు చప్పుడు వినబడును. ఆ చప్పుడు ఆమె గుండెకు ఎక్కడ తగులునో ఆడువారు తాము ఆడువారు గనుక ఎరుగుదురు. మనము పిలిచిన విందులో ఆమె నూనె బాండిమీదనుండి తలయెత్తక కూర్చుండుట ఏలాటి వేడుక?

అష్టాచెమ్మా గవ్వలు తీయుడు, పిల్లలను వైకుంఠపాళి ఆడనియ్యుడు, బైబిలు పేర్లతో అంత్యాక్షరి పెట్టుడు. వీటిలో ఎవరికిని పాతగాయము రేగదు. మరియొక మాట. దేవాలయపు పైకప్పుకైనను, మరి యే పనికైనను ప్రవేశరుసుము పుచ్చుకొని ఈ నోట్లు పంచి ఆడించి చందా పోగుచేయుదమని యెవరైనను సలహా చెప్పినచో, సంఘపెద్దలు వెంటనే వద్దనవలెను. కప్పు ఒక యేడు ఆలస్యమైనను కావచ్చును.

పెట్టె ఇదివరకే యింటికి వచ్చియున్న యెడల, తెచ్చిన కుమారుని అందరియెదుట మందలింపకుడు. వాడు దురుద్దేశముతో తెచ్చినది కాదు. తన స్నేహితులతో ఆడి సంతోషించినదానిని తనవారికి చూపవలెనని తెచ్చినాడు. సాయంకాలమున పెరటిలోనికో చేనికో తోడుకొనిపోయి, రేపటి విందుకు రాబోవు ఆ సహోదరుని సంగతియు అతని భార్య సంగతియు నెమ్మదిగా చెప్పుడు. “పేక పాపము రా” అని చెప్పినచో వాడు వాదించును. “ఫలాని అన్న వచ్చుచున్నాడు, నాయనా” అని చెప్పినచో వాడు కొంచెముసేపు మాటలాడడు. ఆ పెట్టెను ఏమి చేయవలెనో తరువాత వానినే తేల్చుకొననియ్యుడు.