అడ్వాన్సు, ఆచారం, అద్దె ఇంటి ధర్మం

ఇంటిని అద్దెకిచ్చే గృహస్థుకు అందులోకి రాబోయేవారిని ఎంతవరకు ప్రశ్నించే అధికారం ఉందన్నది పైకి లావాదేవీల విషయంగా కనిపించినా, నిజానికి అది ధర్మవిచారణకు చెందిన ప్రశ్న. హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా టూలెట్ బోర్డు చూసి వచ్చినవారిని యజమాని ఉద్యోగం, జీతం, ఇంట్లో ఎందరుంటారన్న వివరాలు అడిగి, ఆధార్ నకలు తీసుకొని, కొన్ని నెలల అద్దెను అడ్వాన్సుగా కట్టించుకోవడంలో తప్పుపట్టవలసిందేమీ లేదు. బకాయి పడుతుందేమో, ఇల్లు పాడవుతుందేమో అన్న భయం న్యాయమైనదే. అయితే ఆ ప్రశ్నల నడుమ ‘ఇంటిపేరేమిటి’, ‘మీరేమిట్లు’ అని కులాన్ని ఆరాతీసేవి కూడా వచ్చి చేరతాయి. ముందు అడ్వాన్సు సంగతి చూద్దాం.

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం పద్దెనిమిది వ్యవహారపదాలను, అంటే రాజసభలో విచారించవలసిన వివాదాంశాలను, లెక్కిస్తూ రుణం తర్వాత రెండోదిగా నిక్షేపాన్ని, అనగా నమ్మకంతో ఇతరుల వద్ద ఉంచిన సొమ్మును, పేర్కొంటుంది. దాచిన సొమ్మును తిరిగి ఇవ్వనివాడినీ, దాచకుండానే అడిగేవాడినీ దొంగలతో సమానంగా దండించాలని అందులో ఉంది. శిక్షలను వర్ణాన్ని బట్టి వేరుచేసింది కూడా ఆ స్మృతే కనుక దానిని పూర్తి ప్రమాణంగా స్వీకరించలేము. కానీ నిక్షేపం విషయంలో నమ్మకభారాన్ని ఇద్దరి మీదా మోపిన ఆ ఆలోచన విలువైనది. నేటి అడ్వాన్సు బకాయికి హామీ కాబట్టి అచ్చమైన నిక్షేపం కాకపోయినా, ఆ డబ్బు చివరి రోజు వరకు కిరాయిదారుదే. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడల రంగు వెలిసిందని ఒక నెల అద్దె కోసుకునే యజమాని, కాలం చేసిన పనికి మనిషి చేత వెల కట్టిస్తున్నాడు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసగృహాలకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదని చెప్పినా, దానిని అమలులోకి తేవడం రాష్ట్రాల చేతిలో ఉంది.

అడ్వాన్సు పూడ్చగలిగినదంతా యజమానికి కలిగే నష్టమే అయినప్పుడు, కులం అడగడం ఏ నష్టాన్ని నివారించడానికన్నది తేల్చుకోవలసిన విషయం. అమెరికాలో చదువుకొని వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరిన అంబేడ్కర్, తనకు చోటు దొరకదని తెలిసి, పార్సీ పేరుతో ఒక పార్సీ సత్రంలో దిగి రోజువారీ రుసుము చెల్లిస్తూ ఉండగా, పదకొండో రోజున కర్రలు పట్టుకొని వచ్చినవారు ఆయనను వెళ్లగొట్టారు. అక్కడ బకాయీ లేదు, పాడైన సామానూ లేదు. జీతం, విద్య, నడవడి అన్నీ సరిపోయినా పుట్టుక ఒక్కటే అనర్హత అయింది. అలాంటి భయానికి ఎన్ని నెలల అడ్వాన్సూ చాలదు, ఎందుకంటే అది నష్టభయం కాదు, మైలభావన.

రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో భాగం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల వంటి చోట్ల కులమత వివక్షను నిషేధించింది కానీ, అద్దె ఇంటిని పేరు పెట్టి చెప్పలేదు. కనుక ఇక్కడ నిర్ణయం యజమాని ధర్మబుద్ధికే మిగులుతోంది.

కులం అడగరాదన్న మాటకు ఎదురుగా వినిపించే గట్టి వాదం ఆచారానిది: ఒకే ప్రహరీలో పక్క పోర్షన్‌లో మాంసం వండితే తన పూజకు, మడికి భంగమని భావించే గృహస్థు మనస్సాక్షికి విలువ లేదా అన్నది. విలువ ఉంది, దానిని తేలికగా తోసిపుచ్చరాదు. కాని ఆచారం వంటకు సంబంధించినదే అయితే ఆ నియమాన్ని వచ్చిన ప్రతివారికీ ముందే చెప్పి, ఒప్పుకున్నవారికి ఇల్లిస్తే సరిపోతుంది, ఇంటిపేరుతో పని ఉండదు. మాంసం ముట్టని దళిత కుటుంబానికి లేదనిపించుకున్న పోర్షన్, బయట మాంసం తినివచ్చే అగ్రవర్ణ ఉద్యోగికి దొరుకుతున్నంతకాలం, ఆ యజమాని చెప్పుకునే కారణం ఆహారం కాజాలదు.