అమ్మ కోసం పూజ ఎందుకు?

నవంబరు నెల వచ్చిందంటే విచారణలో పూజల పుస్తకం త్వరగా నిండిపోతుంది. రెండో తేదీ మృతుల స్మరణ దినం. అంతకు ముందే యువకులు సమాధుల దొడ్డిలో గడ్డి కోసి, సమాధులకు సున్నం వేస్తారు. ఆ సాయంత్రం కొవ్వొత్తులు, బంతిపూలు, సాంబ్రాణి పొగ. తీర్థం చల్లుకుంటూ వెళ్తుంటే ఒక్కో సమాధి దగ్గర ఒక్కో కుటుంబం నిలబడి, "ఫాదర్ గారూ, మా అమ్మ" అని చూపిస్తుంది.

అలాంటి ఒక సాయంత్రం ఒక సోదరుడు నన్నడిగాడు: "మా అమ్మ దేవత లాంటిది ఫాదర్ గారూ. ఒక్క ఆదివారం పూజ మానలేదు, జపమాల విడిచింది లేదు. ఆమె మోక్షంలో కాక ఇంకెక్కడుంటుంది? ఆమె పాప విమోచనం కోసం పూజ చెప్పించడమంటే కన్నతల్లిని అనుమానించినట్టు కాదా?"

తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. నాకు తెలిసిన జవాబు చెప్పాను. మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో యూదా తన సైనికుల శవాలను సమాధి చేయించబోయాడు. దేవుని పక్షాన పోరాడి ప్రాణమిచ్చినవాళ్ళు వాళ్ళు. కాని వాళ్ళ అంగీల కింద అన్యదేవతల తాయెత్తులు బయటపడ్డాయి. యూదా ఆ సంగతిని కప్పిపుచ్చలేదు. అలాగని వాళ్ళను వదులుకోనూ లేదు. సొమ్ము పోగుచేసి, వారి పాప పరిహార బలి కోసం యెరూషలేముకు పంపాడు. మృతుల కొరకైన మన ప్రార్థనకు తిరుసభ చూపే ఆధారాల్లో ఇది ముఖ్యమైనది.

ఆ సోదరుడు తృప్తిపడి వెళ్ళిపోయాడు. నాకు తృప్తి కలగలేదు. ఎందుకంటే ఇదే ప్రశ్నను కొన్నేళ్ళ క్రితం మా అక్క మరోవైపు నుండి అడిగింది. అక్క అనుమతితోనే ఈ సంగతి వ్రాస్తున్నాను.

మా అమ్మ భక్తురాలు. తెల్లవారుజామున గుడి గంట కొట్టకముందే లేచి దీపం పెట్టేది. నా గురుపట్టాభిషేకం నాడు నా అరచేతులు ముద్దు పెట్టుకుని, అప్పటి నుంచి నన్ను "ఫాదర్ గారూ" అనే పిలిచింది. ఎంత బతిమాలినా పేరు పెట్టి పిలవలేదు. గుప్పెడు బియ్యమైనా తియ్యకుండా ఏ బిచ్చగాణ్ణీ గుమ్మం నుంచి పంపలేదు. ఇవన్నీ నిజం. అక్క తనకు నచ్చిన అబ్బాయిని పెళ్ళి చేసుకుంటే పదకొండేళ్ళు అమ్మ ఆమెతో మాట్లాడలేదు. ఇదీ నిజమే. మా బావ అన్యమతస్థుడు కాడు. మన మేత్రాసనంలోనే జ్ఞానస్నానం పొందినవాడు, నిష్ఠగా పూజకు వచ్చేవాడు. కులం వేరు, అంతే.

విచారణ పండుగకు నేను ఊరు వెళ్ళి పూజ చేసినప్పుడల్లా అమ్మ ముందు వరుసలో ఉండేది. అక్క వెనక, తలుపు దగ్గర. ఇద్దరికీ ఈ చేతులతోనే దివ్యసత్ప్రసాదం ఇచ్చాను. పదకొండేళ్ళు. ఒక్కసారి కూడా, "అమ్మా, ఇదేమిటి?" అని అడగలేదు. ఇతరుల ఇళ్ళలో తగవులు తీర్చడానికి నాకు సమయం ఉండేది. అమ్మకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు కబురు పెట్టాం. అక్క వచ్చేటప్పటికి అమ్మకు స్పృహ లేదు.

భూస్థాపన పూజలో ప్రసంగం నాదే. అమ్మను పునీత మోనికమ్మతో పోల్చాను. జనం కళ్ళు తుడుచుకున్నారు. రాత్రి అందరూ వెళ్ళిపోయాక అక్క నా దగ్గర కూర్చుని, "ఒరే తమ్ముడూ, పొద్దున నువ్వు చెప్పింది ఎవరి గురించిరా? ఆవిడ మన అమ్మ కాదు" అంది. కోపంగా అనలేదు. ఎప్పుడూ "ఫాదర్ గారూ" అనే అక్క ఆ ఒక్క రాత్రి తమ్ముడూ అంది.

చనిపోయినవారిని గూర్చి మంచే చెప్పాలంటారు. మర్యాదకు ఆ మాట చాలును గాని సత్యానికి చాలదు. అమ్మలో నాకు నచ్చిన సగాన్ని తీసుకుని, దండ వేసి, పటం కట్టుకున్నాను. ఆ పటంలో అక్కకు జరిగిన అన్యాయానికి చోటు లేదు. పైగా, అమ్మ తప్పు కనబడకపోతే నా మౌనం కూడా కనబడదు. ఆ ప్రసంగంలో నేను కాపాడింది అమ్మ పేరునా, నా పేరునా? ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

అంత సులువుగా మోనికమ్మ పేరు వాడుకున్నవాణ్ణి, ఆ తర్వాత అగుస్తీనువారి గ్రంథం మళ్ళీ తీశాను. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పరీక్ష కోసం చదివిన పుస్తకమది. మోనికమ్మ 387లో రోము రేవుపట్టణమైన ఓస్తియలో, స్వదేశమైన ఆఫ్రికాకు తిరిగి వెళ్ళే దారిలో, జ్వరంతో మరణించింది. ఆమెకు 56వ ఏడు. కొడుక్కి 33. కుమారుడు కన్నీరు బిగబట్టుకున్నాడు, తర్వాత ఒంటరిగా ఏడ్చాడు. ఇదంతా మనం ప్రసంగాల్లో చెప్పుకునేదే. మనం దాటవేసేది మరొకటుంది. చిన్నతనంలో ద్రాక్షరసం తోడడానికి పంపితే దొంగతనంగా తాగడం ఆమెకు అలవాటైందని, ఒకనాడు పనిపిల్ల కోపంలో తాగుబోతని ఎత్తిపొడిస్తే సిగ్గుపడి మానుకుందని ఆయన దాచకుండా వ్రాశాడు. జ్ఞానస్నానం తర్వాత ఆమె నోట తప్పుమాటే రాలేదని తాను చెప్పసాహసించనన్నాడు. ఆమె సుకృతాలను పక్కన పెట్టి, ఆమె పాపాల మన్నింపు కోసం దేవుణ్ణి వేడుకున్నాడు. తన గ్రంథం చదివేవాళ్ళు బలిపీఠం వద్ద అమ్మను, నాన్న పత్రీసియును ఇద్దరినీ తలచుకోవాలని కోరాడు. మోనికమ్మ కూడా కొడుకులను సమాధి ఎక్కడని పట్టించుకోవద్దంది. బలిపీఠం దగ్గర జ్ఞాపకం చేసుకొమ్మని మాత్రమే అడిగింది.

నేను పోల్చిన మోనికమ్మ వేరు, ఆమె కొడుకు ఎరిగిన మోనికమ్మ వేరు.

ఉత్తరించు స్థలమంటే మనవాళ్ళలో చాలామందికి జైలు లాంటి ఊహ. పదహారవ బెనెడిక్టు పాపుగారు 2007లో నిరీక్షణను గూర్చి వ్రాసిన విశ్వలేఖలో, శుద్ధిచేసే ఆ అగ్ని క్రీస్తు ప్రభువే కావచ్చునన్న కొందరు వేదాంతుల ఆలోచనను ప్రస్తావించారు. ఆయన చూపు ఎదుట మన అబద్ధాలన్నీ కరిగిపోతాయి. ఆ మంట బాధపెడుతుంది, ఆ బాధలోనే స్వస్థత ఉంది. మరొకరి కోసం ప్రార్థించడానికి ఆలస్యమైపోవడమంటూ ఉండదని కూడా ఆయన వ్రాశారు. ఆ మాట చదివినప్పుడు నాకు మా గుడి ముందు వరుస, వెనక తలుపు గుర్తుకు వచ్చాయి. అమ్మ ఇక్కడ నడవలేకపోయిన ఆ నాలుగు అడుగులు అక్కడ ప్రభువు చెయ్యి పట్టుకుని నడుస్తున్నదేమో. అలాగైతే ఆమె కోసం పూజ చెప్పించడం ఆమెను అనుమానించడం ఎలా అవుతుంది? నడవలేనివారికి ఊతమిస్తే అనుమానించామంటామా? అయితే ఏ దూరం మిగిలిపోయిందో ఒప్పుకోకుండా ఊతం ఎలా ఇస్తాం? దేవత అని అనేస్తే ఆమెకు ఇక మన అవసరమేమీ లేదు. ఆమె వల్ల నొచ్చుకున్నవాళ్ళకు మన మధ్య చోటూ లేదు.

క్షమించమని అక్కకు నేను చెప్పలేదు. ఆ మాట చెప్పే అర్హత పదకొండేళ్ళ క్రితమే పోగొట్టుకున్నాను. నన్ను క్షమించమని మాత్రం అడిగాను. ఆమె జవాబు చెప్పకుండా లేచి వెళ్ళి అన్నం వడ్డించింది.

బావ కూడా ఇప్పుడు లేరు. పోయిన నవంబరులో అక్క నా విచారణకు వచ్చింది. పూజల పుస్తకం తెరిచి, "అమ్మకు ఒకటి, బావకు ఒకటి, రెండు రోజులు వ్రాసుకుంటాను" అన్నాను. అక్క కొంతసేపు ఆ పుస్తకం వంక చూసింది.

"ఒక్క పూజే వ్రాయండి ఫాదర్ గారూ" అంది. "ఇద్దరి పేర్లూ కలిపి చదవండి."